అల్యూమినియం ట్యాంకుకు సీలెంట్: మన ఉక్కలో ఎలా పూయాలి?

లంకగాలి, రావులపాలెం

అందరికీ నమస్కారమండి. సొంతంగా కడుతున్న రెండు సీట్ల విమానానికి రెక్కల్లో చెరో 70 లీటర్ల పెట్రోలు ట్యాంకు. 2024-టీ3 రకం అల్యూమినియం రేకు, రివెట్ల పని. సందులు మూసే సీలెంట్ పాలీసల్ఫైడ్ (రెండు భాగాలు కలిపితే రబ్బరులా గట్టిపడే ముద్ద), క్లాస్ బి-2. షెడ్డులో మధ్యాహ్నం 36 డిగ్రీలు, తేమ 55 శాతం. ఈ ఉక్కలో కలిపిన ముద్ద ఎంతసేపు ఆగుతుంది? వెనక బేఫిల్ (ట్యాంకుని వెనక నుంచి మూసే రేకు) మూసేటప్పుడు లోపలికి చెయ్యి పట్టదు కదా, మూలలు ఎలా నింపాలి? లీకు పరీక్షకి కంప్రెసర్ గాలి పెట్టొచ్చా?

రివెట్‌గన్, భీమవరం

బి-2లో 2 అంటే రెండు గంటలేనండి, కానీ అది 25 డిగ్రీల దగ్గర లెక్క. సుమారు ఐదున్నర డిగ్రీలు పెరిగినప్పుడల్లా గడువు సగమైపోతుంది. మీ షెడ్డులో అరగంట వస్తే గొప్ప. గట్టిపరిచే నల్ల భాగంలో ఉండేది మాంగనీస్ డయాక్సైడ్. తేమ ఎక్కువైతే అది ఇంకా తొందరపడుతుంది. చేతిలో ఇరవై నిమిషాలే ఉన్నాయనుకుని పని పంచుకోండి.

ఒక్కసారికి తెల్లది (అసలు సీలెంట్ భాగం) 50 గ్రాములు, నల్లది 5 గ్రాములు చాలు. డబ్బా మీద వేరే పాళ్లుంటే అవే పాటించాలి. చెంచాలతో కొలవొద్దు, బంగారం తూచే కాటా పెట్టుకోండి. తెల్ల చారలు పోయేదాకా గిన్నె అంచుకు నొక్కుతూ కలపాలి. గిలక్కొడితే గాలి బుడగలు చేరతాయి, రేపు ఆ బుడగే లీకు దారి. ప్రతి ముద్దలోంచీ కాస్త తీసి రేకు ముక్క మీద రాసి, టైము వేసి ఉంచండి. ఆ ముక్క మీదది గట్టిపడలేదంటే ట్యాంకులోదీ పడనట్టే.

అతికే అంచుల్ని మెరూన్ స్కాచ్‌బ్రైట్‌తో (గరుకు పీచు) మసకబారేదాకా రుద్ది, ఎంఈకేతో (జిడ్డు కరిగించే ద్రావకం) తుడవండి. తడి ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. దానంతట అది ఆరితే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పేరుకుంటుంది. ఆ తర్వాత ఒట్టి వేలు తగలకూడదు. పైన ఎంత దిట్టంగా పూసినా అడుగు పట్టకపోతే సీలెంట్ తొక్కలా లేచొస్తుంది. ఎంఈకేకి నైట్రైల్ గ్లోవ్స్ ఆగవు, బ్యుటైల్ రబ్బరువి వేసుకోండి, తలుపులు తెరిచి తుడవండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

రిబ్బు (రెక్క లోపలి అడ్డపట్టీ) అంచుకు మిల్లీమీటరు లోపు పూసి క్లీకోలు (రివెట్లు కొట్టేదాకా రేకుల్ని పట్టి ఉంచే తాత్కాలిక పిన్నులు) బిగించగానే రెండు పక్కలా ముద్ద తెగని గీతలా ఉబికి రావాలి. ఉబకని చోట లోపల ఖాళీ ఉందన్నమాట, విప్పి మళ్లీ పూయండి. ముద్ద మెత్తగా ఉండగానే రివెట్లు కొట్టెయ్యాలి. లోపలి రివెట్ తోకల మీద కూడా పూర్తిగా కప్పండి.

బేఫిల్‌కి ఉపాయం ఉంది. స్కిన్ (పై రేకు) లోపల, రివెట్ కన్నాల వరసకి కాస్త ముందుగా లావు గీత పెట్టండి. బేఫిల్ దిగుతూ ఆ గీతని తనే ముందుకు నెట్టుకుంటూ పోయి సందు మూసేస్తుంది. రిబ్బు చివర, స్కిన్, బేఫిల్ మూడూ కలిసే మూలల్లో మాత్రం ధారాళంగా వెయ్యండి, ఎక్కువ ట్యాంకులు కారేది అక్కడే. పాప్ రివెట్లు (ఒక పక్క నుంచే బిగించేవి) పడే చోట కొస మూసి ఉన్న రకమే వాడాలి. మామూలువాటిలో మధ్య కన్నం గుండా పెట్రోలు చెమరుస్తుంది.

ఉప్పుగాలి, నరసాపురం

ఒక్కమాట కలుపుతానండి. ఎండకి భయపడి చాలామంది తెల్లవారుజామున పూస్తారు. ఆ వేళకి రేకు మీద కంటికి ఆనని మంచు పొర ఉంటుంది, దాని మీద ఏదీ పట్టదు. మీరు చెప్పిన గాలికి 26 డిగ్రీల దగ్గరే చెమ్మ పడుతుంది. ఏసీ గదిలో 24కి చల్లబడ్డ రేకుని షెడ్డులోకి తెచ్చినా అదే గతి. షెడ్డులో తలుపులు తెరిచి తుడిచాక రేకుని ఏసీ గదికి తెచ్చి, కలపడం, రివెట్లు కొట్టడం, ఆరబెట్టడం అన్నీ అక్కడే కానివ్వండి. ఫ్రిజ్‌లో దాచిన సీలెంట్ డబ్బా కూడా గది వేడికి వచ్చాకే మూత తియ్యాలి.

మట్టంపైపు, రాజమండ్రి

కంప్రెసర్ వద్దే వద్దండి. ఒక పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి) అంటే చిన్నదిగా కనిపిస్తుంది గానీ 30×60 సెంటీమీటర్ల రేకు మీద అది 126 కిలోల తోపు. రేకు ఉబ్బిపోతుంది.

కనీసం వారం ఆరనిచ్చి, తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శక పైపుని యు ఆకారంలో గోడకి కట్టండి. సగం రంగునీళ్లు పోసి, ఒక కొస ట్యాంకు వెంట్‌కి (గాలి గొట్టానికి) తగిలించండి. రెండు మట్టాల మధ్య తేడా 70 సెంటీమీటర్లయితే ఒక పీఎస్‌ఐ. పైపు రెండో కొసని యు అడుగు నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తుకే కోసి ఉంచితే, గాలి ఎక్కువైనప్పుడు నీళ్లు బయటికి చిమ్ముతాయి, ట్యాంకు దక్కుతుంది. సైకిల్ పంపుతో మెల్లగా ఎక్కించి, కీళ్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగ చూడండి. ఫ్యూయల్ క్యాప్ రబ్బరు, సెండర్ ప్లేటు (పెట్రోలు మట్టం చూపే పరికరం బిగించే చోటు) కూడా మరవొద్దు.

మట్టం దిగిందని వెంటనే కంగారు పడకండి. లోపలి గాలి ఒక్క డిగ్రీ చల్లబడితేనే దాదాపు మూడున్నర సెంటీమీటర్లు దిగుతుంది. బయటి గాలి పీడనం ఒక మిల్లీబార్ మారితే సెంటీమీటరు తేడా. కొలిచిన ప్రతిసారీ ఉష్ణోగ్రత రాసుకుని లెక్క తీసెయ్యండి, మిగిలిందే లీకు.

లీకు దొరికితే లోపల గుమ్మరించి తిప్పే పూత జోలికి పోవద్దు. కొన్నాళ్లకి పొరలుగా ఊడి పికప్ జాలీకి (ఇంజినుకి పెట్రోలు లాగే గొట్టం కొసన ఉండే జల్లెడ) అడ్డం పడి ఇంజిను ఆగిన ట్యాంకులున్నాయి. ఆ చోటు గీకి, తుడిచి, కొత్త సీలెంటే వెయ్యాలి.

లంకగాలి, రావులపాలెం

ఆయ్, ఏసీ గది ఏర్పాటు చేసుకుంటానండి. ఇంజిను రోటాక్స్ 912 యూఎల్‌ఎస్. బంకు పెట్రోలు పోయొచ్చా?

రివెట్‌గన్, భీమవరం

దానికి రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకేనండి, బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతంది. కొలగొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 పెట్రోలు పోసి కుదిపి నిలబెట్టండి. కింద నీళ్ల మట్టం 28 దగ్గరికి పెరిగితే అది 20 శాతందే, పోయొద్దు. ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) తెప్పించుకోండి. ఇంజినుకి కలిపేముందు అందులోంచే ఐదు లీటర్లు పోసి, ట్యాంకుని అటూ ఇటూ వంచి, తెల్లగుడ్డలో వడకట్టండి. డ్రిల్లు పొట్టు, సీలెంట్ పలుకులు రావడం ఆగేదాకా మళ్లీ కడగాలి.