కొత్త పరికరం: మొదట ఊరికే ఇచ్చి చూడాలా, డబ్బు తీసుకునే ఇవ్వాలా?

మద్దిలపాలెం మేడ:
మేం ముగ్గురం కలిసి విశాఖ ఫిషింగ్ హార్బర్ మరబోట్ల కోసం ఒక పరికరం చేశాం. చేపలు నిల్వ చేసే అరలో ఐస్ కరిగి వేడెక్కితే పైన సరంగు (బోటు నడిపేవాడు) దగ్గర బజర్ మోగుతుంది. ఒక్కోటి ₹4,500కి ఇవ్వగలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పుడే బిగించాలని ప్లాన్. మొదటి పది బోట్లకు ఊరికే ఇచ్చేద్దాం అంటున్నాడు మా పార్ట్‌నర్. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
ఇవ్వకండి. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ తిట్టరు. బాగుంది బాబూ అంటారు, వైరు ఊడితే మూల పడేస్తారు. అదే వెయ్యి రూపాయలు కట్టినవాడైతే బజర్ మోగని రోజు అర్ధరాత్రైనా ఫోన్ చేసి కడిగేస్తాడు. మీకు కావాల్సింది ఆ తిట్లే.

హార్బర్ రోడ్:
మాస్టారి మాట వినడానికి బాగుంది. మాది బోట్ల కుటుంబం, నిషేధం రోజులు ఎలా ఉంటాయో చెప్తాను. చెక్క మార్చాలి, రంగు వేయాలి, ఇంజిన్ విప్పాలి, వలలు బాగు చేయాలి. ఖర్చంతా అప్పుడే, రాబడి మాత్రం సున్నా. వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తెచ్చుకుని ఈ పనులు చేయించేవాళ్లే ఎక్కువ. అప్పుడు వెళ్లి ₹4,500 అడిగితే చేతిలో లేక వద్దంటారు. మీరేమో మార్కెట్టే లేదనుకుని ఇంటికి పోతారు. ఇప్పుడు బిగించండి, నిషేధం అయ్యాక మొదటి వేట సరుకు అమ్ముడుపోయిన రోజు డబ్బు అడగండి.

మద్దిలపాలెం మేడ:
అరువన్నమాట. ఇవ్వకపోతేనో?

హార్బర్ రోడ్:
విప్పుకుని తెచ్చుకోండి. స్పానర్ పట్టుకుని వెళ్లినప్పుడు తీసుకుపో అంటారా, ఉంచవయ్యా ఇచ్చేస్తాం అంటారా అన్నదే మీరు చేసే అసలు టెస్ట్.

సిరిపురం సుబ్బు:
ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ వాళ్లు కూడా 2006లో ముందు ట్రావెల్స్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇస్తామనే వెళ్లారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు కొన్ని సీట్లు ఇవ్వండి, ఆన్‌లైన్‌లో అమ్మిపెడతాం అన్నారు. ట్రావెల్స్ ఓనర్ ముందుగా జేబులోంచి పైసా తీయలేదు. డబ్బు ముందే గుంజాలన్న రూల్ ఎక్కడుంది?

లెక్కల మాస్టారు:
సుబ్బు గారూ, ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. ఓనర్ కట్టకపోయినా మొదటి టికెట్‌కే ప్రయాణికుడు కట్టాడు. ఎవరో ఒకరు కట్టారు.

జాలారిపేట వాసి:
మరి ఇక్కడ ఎవరు కట్టాలి? బజర్ వినేది సరంగు, డబ్బిచ్చేది ఓనర్, చల్లటి సరుకు దక్కేది కొనేవాడికి. రొయ్యకు ధర కౌంట్‌ని బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న దాన్ని బట్టి. మెత్తబడినా, తల నల్లబడినా రేటు కోస్తారు. అంతేగానీ బాగా చల్లగా తెచ్చావని కిలోకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చినవాడిని నేనైతే చూడలేదు. కాబట్టి ఓనర్ దగ్గర నాణ్యత పెరుగుతుంది అని మొదలుపెట్టకండి. పోయిన సీజన్ వేటలో మొత్తం ఎంత కోత పడిందో అడిగి, అది తగ్గుతుందని చెప్పండి. ఆ కోత ₹4,500 కంటే తక్కువైతే ఊరికే ఇచ్చినా, అరువుకిచ్చినా వాడరు. అప్పుడు ఎగుమతి చేసేవాళ్ల దగ్గరికే పోవాలి. అన్నట్టు, వైరు జాయింట్లు ఉప్పునీటికి ఆగుతాయా? హార్బర్‌లో మొదట చచ్చేవి అవే.

మద్దిలపాలెం మేడ:
జాయింట్లకు రెజిన్ పోశాం, సముద్రం మీద ఇంకా చూడలేదు. ఇలా అనుకుంటున్నాం: అయిదు బోట్లు చాలు. ఇప్పుడు ₹500 తీసుకుని బిగిస్తాం, మిగతాది జూన్‌లో మొదటి అమ్మకం అయ్యాక. నచ్చకపోతే ₹500 వాపసు. కోత లెక్క కూడా రాసుకుంటాం. పార్ట్‌నర్ సరేనన్నాడు, మూతి ముడుచుకునే అనుకోండి.

లెక్కల మాస్టారు:
₹500 మరీ తక్కువ. వెయ్యి అడగండి.

హార్బర్ రోడ్:
మాస్టారూ, మే నెల ఎండలో జెట్టీ మీదికి మీరే వచ్చి అడగండి ఆ వెయ్యి.