ఈ వారం సమస్య: ‘పంటి కొఱకు పిల్ల నంటగట్టె’

నిర్వాహకుడు (కర్నూలు): ఫీజీ దీవుల పెండ్లి సంగతి చదివినప్పటి నుంచి ఈ పాదం నన్ను వదలడంల్యా. అక్కడ పిల్లనడగబోయేవాళ్లు తిమింగిలం పంటిని పెండ్లికూతురు తండ్రి చేతిలో పెడతారు. దాని పేరు తంబువా. కొబ్బరినూనె రాసి మెరుగుపెట్టి, కొబ్బరిపీచు తాడు కడతారు. ఈ పాదం చివర వచ్చేటట్లు మిగతా మూడు పాదాలు ఆటవెలదిలో పూరించాల. కానీండి మరి.

చిత్రావతి (అనంతపురం):
ఫీజి దీవిలోని పెండ్లింట వరుడొక్క
తిమి రదమ్ము తెచ్చి తీర్చి యిడఁగ
మామ కంటఁ జూచి మర్యాద మన్నించి
పంటి కొఱకు పిల్ల నంటగట్టె

పెన్నాతీరం (కడప): అన్నా, నిన్న ఫోన్లో రెండో పాదం ‘తిమింగిలము’ అని ఎత్తుకుంటివి. మొదట్లోనే లగం (లఘువు, గురువు) పడింది, అక్కడ రావాల్సిన సూర్యగణం (గురువు, లఘువు; లేదంటే మూడు లఘువులు) కాదంటే దిద్దుకుంటివి. మంచిదే. ఇప్పుడు చదివితే తిమింగిలం పన్ను అనే ‘తిమి రదమ్ము’ కాస్తా ‘తిమిర దమ్ము’ అని, చీకటి మాట మాదిరి విరుగుతాంది. అంతకన్నా పెద్ద చిక్కు, మూడో పాదంలో మర్యాద మన్నించినోడు నాలుగో పాదంలో కూతుర్ని ఎట్లా అంటగడతాడు? సమస్య అట్లే ఉండిపాయ. నాది చూడు:

చెట్టు బెరడు గొట్టి చీరగాఁ దీర్చిన
తల్లి వియ్యమునకుఁ దగిన రీతి
నల్లగీఁత లద్ది నడుమున వలువను
పంటి కొఱకు పిల్ల నంటఁ గట్టె

చిత్రావతి: ‘పిల్లన్ అంటన్ కట్టె’! పిల్లకు అంటుకునేటట్లు గుడ్డ కట్టిందని! ఆ విరుపు నాకు తట్టలేదు సామీ, ఒప్పుకుంటా. ఆ బెరడు గుడ్డను అక్కడ ‘మసి’ అంటారు, పెండ్లికి కట్టేదే. అయితే ఒకటో పాదంలో చీర, మూడో పాదంలో వలువ. ఒకే గుడ్డకు రెండు పేర్లెందుకు? ఉగాది సమస్యలోనూ కలువ, కైరవం అని ఒకే పువ్వు పేర్లు రెండూ పెట్టలేదా నువ్వు?

పెన్నాతీరం: ఉగాది పద్యంలో ఒకటి కొలనులోది, ఇంకోటి పద్యంలోని అమ్మాయి పేరు. అప్పుడే చెప్తి గదా.

హంద్రీగట్టు (కర్నూలు): 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకుతోటల కూలికి ఆ దీవులకు పోయినోళ్లలో మన తెలుగోళ్లుండారు. మంగళసూత్రం తెలిసిన కంటితో ఆ పీచుతాడును చూసి ఎవరన్నా పద్యం కట్టరాదా? ఇద్దరి పూరణల్లోనూ ఆ తాడు రాలేదే!

నిర్వాహకుడు: తాడు వచ్చే వారం సమస్యకు దాచిపెడతా. పెన్నాతీరం, ‘చీరగా’ తీసేసి ‘చేతితో’ అను. గణం చెడదు, యతి చెడదు, తీర్చినది వలువే అవుతుంది.

పెన్నాతీరం: మార్చినా. ‘చెట్టు బెరడు గొట్టి చేతితోఁ దీర్చిన’. చిత్రావతన్నా, ఇప్పుడు ఒకే గుడ్డ.