కంటి కింద గుంతలకు ఇంప్లాంట్: చేయించుకోవచ్చా?

వెన్నెలవాకిలి: నా వయసు 29. కళ్ల కింద గుంతలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి, మా నాన్నకూ అంతే. ఎనిమిది గంటలు నిద్రపోయి ఆఫీసుకు వెళ్లినా "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. రెండుసార్లు ఫిల్లర్ (గుంత నింపే జెల్ ఇంజెక్షన్) వేయించుకున్నాను, కరిగిపోయింది. హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌ వాళ్లు కంటి కింది ఎముక అంచు మీద, బుగ్గ ఎముక మీద ఇంప్లాంట్లు, అంటే ఎత్తు కోసం లోపల అమర్చే ముక్కలు పెడతామన్నారు. "నచ్చకపోతే తీసేయవచ్చు" అన్నారు. వచ్చే నెలకు తేదీ ఇచ్చారు. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

గోదావరిగట్టు: "తీసేయవచ్చు" అన్న మాట దగ్గరే ఆగండి. ఏ పదార్థమో అడిగారా? సిలికాన్ అయితే దాని చుట్టూ పల్చని పొర కడుతుంది, అవసరమైతే ముక్క జారి వస్తుంది. పోరస్ పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ అయితే దాని సన్నని రంధ్రాల్లోకి కణజాలం పెరిగి అల్లుకుంటుంది. అందుకే అది కదలదు. అందుకే తీయడం కూడా కష్టం, చుట్టూ ఉన్నదాన్ని విడదీసుకుంటూ రావాలి.

సింధూరపువ్వు: నాకు సిలికాన్ పెట్టి ఐదేళ్లయింది. హాయిగా ఉన్నాను. భయపెట్టకండి.

రెండోమాట: ఆర్తీ అగర్వాల్ గారిని అప్పుడే మరిచిపోయారా? 2015లో ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే పోయారు.

మల్లెపందిరి: ఆవిడ చేయించుకున్నది లైపోసక్షన్, ఒంట్లో కొవ్వు తీసే ఆపరేషన్. ఇది ముఖం ఎముక మీద చేసేది. రెంటినీ కలపకండి.

గోదావరిగట్టు: భయపెట్టడం లేదు, నా సంగతి చెబుతున్నాను. కంటి కింది ఎముక అంచుకు సుమారు ఒక సెంటీమీటరు కింద, ఎముకలోని చిన్న రంధ్రం నుంచి ఒక నరం బయటికి వస్తుంది. కింది రెప్పకు, ముక్కు పక్కన, పైపెదవికి, పైచిగుళ్లకు స్పర్శ దానివల్లే. నాకు నోటి లోపలి నుంచి కోసి పెట్టారు. 14 నెలలైంది. ఎడమవైపు పైపెదవి ఇంకా మొద్దుగానే ఉంది. పెరుగన్నం తింటుంటే పెదవికి మెతుకు అంటుకున్నా తెలియదు, మా పాప వేలితో తుడుస్తుంది.

సింధూరపువ్వు: నాకూ మూడు నెలలు తిమ్మిరి ఉంది, పోయింది. చాలామందికి పోతుంది.

గోదావరిగట్టు: చాలామందికి అంటే అందరికీ కాదు.

సింధూరపువ్వు: ఏ ఆపరేషన్‌లో అందరికీ బాగుంటుంది?

రాత్రిడ్యూటీ: ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో పనిచేస్తాను. వెన్నెలవాకిలి గారూ, మీది గుంత నీడా, చర్మం నలుపా? నలుపైతే ఇంప్లాంట్ దాన్ని పోగొట్టదు. కింది రెప్ప దగ్గర కోస్తే రెప్ప కిందికి లాగుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు కన్ను పూర్తిగా మూసుకోదు, తడి ఆరిపోతుంది. చీము పడితే ఇంప్లాంట్ తీసేయాల్సి రావచ్చు. అలాగని ఫిల్లర్‌కు ప్రమాదం లేదనుకోకండి, రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. పట్టా ఉందో లేదో ముందు చూడండి.

రెండోమాట: ఇన్ని తెలిసీ ఎందుకమ్మా ఈ పని?

గోదావరిగట్టు: అదే నేనూ అడుగుతున్నాను. బాగుందని చెప్పేవాళ్లు డబ్బు పోసిన తర్వాత ఇంకేమని చెబుతారు?

సింధూరపువ్వు: ఇక చాలు. నాలుగు సంబంధాలు వచ్చి వెళ్లిపోయాయి. "పిల్ల రోగిష్ఠిలా ఉంది" అని ఒకావిడ మా అమ్మ ముందే అంది. నేను చేయించుకున్నది ఆ పెళ్లిళ్ల కోసం కాదు, పెళ్లి వద్దనుకున్న తర్వాత చేయించుకున్నాను, నా ఫొటో నేను చూసుకోవడానికి. మీరు రాసిన ప్రతి వాక్యంలో నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు. మీ పెదవికి జరిగినదానికి నేను జవాబుదారీనా?

(గంటన్నర పాటు ఎవరూ రాయలేదు.)

గోదావరిగట్టు: కాదమ్మా. చివరి మాట అనకుండా ఉండాల్సింది. నా కోపం ఇంప్లాంట్ మీద కాదు. ఆపరేషన్ రోజు ఉదయం ఆరున్నరకు, గౌను తొడిగి చేతికి సూది గుచ్చిన తర్వాత కాగితాలు తెచ్చి సంతకం పెట్టమన్నారు. నరం సంగతి అందులో ఉంది, మూడో పేజీలో, ఇంగ్లీషులో. ముందే చెప్పి ఉంటే అయినా సరే అని ఒప్పుకునేదాన్నేమో. ఆ ఎంపిక నాది కదా.

సింధూరపువ్వు: నన్ను మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పారు. సీటీ స్కాన్‌లో నరం ఎక్కడుందో పెన్నుతో చూపించారు. అందరికీ అలాగే చెబుతారనుకున్నాను.

వెన్నెలవాకిలి: ఇప్పుడే క్లినిక్‌కు ఫోన్ చేశాను. ఏ పదార్థమని అడిగితే "విదేశీ సరుకు మేడమ్, మంచిదే" అన్నారు. పేరు చెప్పమంటే డాక్టరు గారు ఆపరేషన్ రోజు చెబుతారట. నరం గురించి అడిగితే ఫోన్ వేరేవాళ్లకు ఇచ్చారు. తేదీ రద్దు చేసుకున్నాను, అడ్వాన్సు తిరిగి ఇవ్వరట. ఇంప్లాంట్ ఆలోచన మాత్రం మానలేదు. సింధూరపువ్వు గారూ, ఆ స్కాన్ చూపించిన డాక్టరు ఏ ఊళ్లో ఉంటారో నాకు విడిగా రాస్తారా?