ట్రిబ్యునల్ ‘నమ్మలేం’ అన్న చోటే అప్పీలు ఆగిపోవాలా?

తార్నాక:
ఆఫీసులో లంచ్ దగ్గర మొదలైన వాదన ఇంటికొచ్చినా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. ప్రాణభయంతో పారిపోయి వచ్చానని ఒక మనిషి శరణు కోరాడు. ట్రిబ్యునల్ అతని మాట నమ్మలేదు, దరఖాస్తు కొట్టేసింది. ఆ తీర్పు మీద పైకి ఎప్పుడు వెళ్ళనివ్వాలి? బ్రిటన్‌లో కింది ట్రిబ్యునల్ నుంచి అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే చట్టపరమైన తప్పు జరిగిందని చూపించాలి, దానికీ ముందు అనుమతి తెచ్చుకోవాలి. ‘నా మాట నమ్మి ఉండాల్సింది’ అంటే చాలదు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, మనకు శరణార్థుల చట్టం కూడా లేదు. 2015లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. రేపెప్పుడైనా వస్తే అందులో అప్పీలు ఎలా ఉండాలి? ఒక్క అప్పీలు, అదీ లా పాయింట్ మీదే అయితే చాలని నా అభిప్రాయం.

కూకట్‌పల్లి:
నేనూ అదే అంటాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం మన దగ్గర సెకండ్ అప్పీల్ కూడా గట్టి లా పాయింట్ ఉంటేనే నడుస్తుంది. మా తాతగారి రెండెకరాల కేసులో మేము ఓడింది అక్కడే. బాధేసింది కానీ ఆ రూల్ తప్పని నేననను. సాక్షిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముఖం చూసి, మాట విన్నది కింది జడ్జి. కాగితాలు మాత్రమే చూసే పైకోర్టు ‘నాకైతే నమ్మబుద్ధేస్తోంది’ అంటే ఎలా? ఇంకో సంగతి. ప్రతి తీర్పూ పైకి పోతే క్యూ పెరుగుతుంది. ఆ క్యూలో నలిగేది నిజంగా హింస తప్పించుకుని వచ్చినవాళ్ళే, ఏళ్ళ తరబడి పని చేసుకునే వీలు లేక, పిల్లల్ని ఎక్కడ చదివించాలో తెలియక. బ్రిటన్‌లో అప్పర్ ట్రిబ్యునల్ అనుమతి ఇవ్వకపోతే దాని మీద మళ్ళీ హైకోర్టుకు వెళ్ళే దారి ఒకటుండేది. అందులో గెలిచింది 0.22 శాతమే. అందుకే మూసేశారు.

శామీర్‌పేట్:
లా చదువుతున్నాను, ఒక చిన్న సవరణ. మీరన్నది 2011లో ‘కార్ట్’ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు తెరిచిన దారి. 2022లో పార్లమెంటు చట్టం చేసి దాదాపు పూర్తిగా మూసింది. 0.22 శాతం ముందు చెప్పిన లెక్క. విమర్శలు వచ్చాక ప్రభుత్వమే మళ్ళీ లెక్క చూసుకుంటే 3.4 శాతం తేలింది. అదీ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పదిహేను రెట్లు తేడా ఉన్న లెక్కను పట్టుకుని మనుషుల దారి మూయాలనుకున్నారన్నది నన్ను వదలడం లేదు.

ఇంకోటి. ‘లా పాయింట్’ అంటే సెక్షన్‌కు అర్థం చెప్పడం ఒక్కటే కాదు. ముఖ్యమైన ఆధారాన్ని పట్టించుకోకపోవడం, కారణాలు రాయకపోవడం, విచారణ సరిగ్గా జరపకపోవడం, ఇవన్నీ అక్కడ చట్టపరమైన తప్పుల కిందికే వస్తాయి. పైకోర్టు లేకపోతే ఏమయ్యేదో చూడాలంటే 2010 నాటి తీర్పు చూడండి. ఇరాన్, కామెరూన్‌ల నుంచి వచ్చిన ఇద్దరు స్వలింగ సంపర్కులను ‘మీ దేశంలో గుట్టుగా ఉంటే సరిపోతుంది’ అని కింద తోసిపుచ్చారు. ప్రాణభయంతో జీవితాంతం దాక్కుని బతకమనడం రక్షణ కాదని సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలూ ఏకాభిప్రాయంతో చెప్పారు. ఆ ఇద్దరికే కాదు, వాళ్ళ తర్వాత వచ్చిన అలాంటి వాళ్ళందరికీ కొలమానం మారిపోయింది.

నయాపూల్:
కూకట్‌పల్లి గారూ, పొలం కేసు పోలికతోనే నాకు పేచీ. పొలం పోతే డబ్బుతో కొంతైనా సరిచేయొచ్చు. మనిషిని విమానం ఎక్కించి పంపేశాక, అక్కడ జైల్లో వేశాక, ‘పొరపాటైంది’ అని ఇక్కడ తీర్పు రాసుకుని ఏం లాభం?

నేను పద్దెనిమిదేళ్ళుగా కోర్టు కాగితాలు తెలుగు, ఉర్దూల నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేస్తున్నాను. ‘నమ్మలేం’ అనే మాట ఎక్కడ పుడుతుందో దగ్గరనుంచి చూశాను. నాకే జరిగింది చెప్తాను. ఒకసారి వీసా ఇంటర్వ్యూలో ‘అక్కడ మీవాళ్ళు ఎవరున్నారు’ అని అడిగితే ‘మా అన్నయ్య’ అన్నాను. ఫారంలో మాత్రం తోబుట్టువులు లేరని రాశాను. రెండూ నిజమే. ఆయన మా పెదనాన్న కొడుకు. ఊహ తెలిసినప్పటినుంచి అన్నయ్యే, ఇంకేమని పిలుస్తాం? ఆ అధికారి ఫారం నావైపు తిప్పి, ఆ గడి కింద పెన్నుతో గీత గీసి ఊరుకుంది. అరచేతులకు చెమటలు పట్టేశాయి. చెప్పుకోవడానికి రెండు నిమిషాలు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. నన్ను అడక్కుండానే ‘సోదరుడి విషయంలో పొంతన లేకుండా చెప్పింది’ అని ఆర్డర్‌లో రాసి ఉంటే? అది ఫ్యాక్టా, లా పాయింటా?

ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ‘పర్సోఁ’ అంటే మొన్న, ఎల్లుండి కూడా. ఏ రోజో చెప్పేది వాక్యం చివర్లో వచ్చే క్రియ. ‘పర్సోఁ పోలీసులు…’ అంటూ ఒకామె గొంతు పూడుకుపోయి ఆగిపోతే, దుబాసీ మిగతాది తనకు తోచినట్టు పూరిస్తాడు. తేదీ నాలుగు రోజులు జరిగిపోతుంది. కింది జడ్జి ముఖం చూశారంటున్నారు కదా, ఆయన చూసింది ఆమె ముఖమే, విన్నది మాత్రం దుబాసీ మాట.

పుట్టినతేదీల గురించి మనకు ఒకరు చెప్పాలా? మా నాన్నకు జాతకంలో ఒకటి, స్కూలు రిజిస్టర్లో ఇంకొకటి. బడిలో చేర్చుకోవడానికి వయసు సరిపెట్టి మాస్టారు వేసిన తేదీతోనే ఆయన రిటైరయ్యారు. అస్సాంలో ఫారినర్స్ ట్రిబ్యునళ్ళు ఇలాంటి తేడాలు పట్టుకునే మనుషుల్ని విదేశీయులని తేల్చాయి. అవి పౌరసత్వం కేసులు, శరణు కేసులు కావు, ఆ తేడా నాకు తెలుసు. కానీ అక్కడా మామూలు అప్పీలు లేదు, రిట్ వేసుకుని గౌహతి హైకోర్టుకు పోవాలి. అక్కడా ఓడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒకాయన విషయంలో 2024 జులైలో తీర్పొచ్చింది. పేరు స్పెల్లింగులో, తేదీల్లో చిన్నచిన్న తేడాలున్నంత మాత్రాన ఆయన భారతీయుడు కాకుండా పోడని కోర్టు చెప్పింది. ఆయనకు ట్రిబ్యునల్‌తో గొడవ మొదలై అప్పటికి పన్నెండేళ్ళు దాటింది.

కూకట్‌పల్లి:
మేడం, అన్నయ్య సంగతి చదివి ఆగిపోయాను. మా ఇంట్లోనూ అంతే. అయినా ఒక అనుమానం తీరలేదు. ఓడిన ప్రతివాళ్ళూ ‘దుబాసీ తప్పు చెప్పాడు’ అంటే? లాయర్లు ఆ పేరా కాపీ చేసి ప్రతి అప్పీల్లోనూ పెట్టేస్తారు.

నయాపూల్:
పెడతారు. అందుకే ఊరికే అనడం చాలదని నేనూ అంటాను. ఏ ప్రశ్న దగ్గర, ఏ మాట తప్పు పోయిందో రికార్డింగులో చూపించాలి. ఆ తప్పు తీర్పును నిలబెట్టిన కారణమై ఉండాలి, పక్కనున్న చిన్న వివరమైతే అప్పీలు వద్దు. ఆ తేడా గురించి విచారణలోనే మనిషిని అడిగారా, జవాబు చెప్పనిచ్చారా అన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. అడిగి, విని, కారణం రాసి, అయినా నమ్మలేదంటే పైకోర్టు వేలు పెట్టకూడదు. నేను వేరేలా ఆలోచించేదాన్నేమో, అయినా పెట్టకూడదు. అడక్కుండా రాస్తే మాత్రం దాన్ని ఫ్యాక్ట్ అని పేరుపెట్టి తలుపు మూయడానికి వీల్లేదు.

కెనడా 1985లోనే దీని దగ్గరికొచ్చింది. సింగ్ కేసు. అప్పీలు వేసినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్ళిన సిక్కులే. అప్పటి పద్ధతిలో కాగితాలు చూసే కొట్టేయొచ్చు, ఎదురుగా కూర్చుని చెప్పుకునే అవకాశమే లేకుండా. మాట నమ్మాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు మనిషిని పిలిచి వినాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత 1989లో కొత్త శరణార్థి బోర్డే పెట్టుకున్నారు.

బాలాపూర్ దారి:
మీరంతా రాబోయే చట్టం గురించి మాట్లాడుతున్నారు. నేను వారానికి రెండు రోజులు బాలాపూర్‌లో రోహింగ్యా పిల్లలకు లెక్కలు చెప్తాను, ఇప్పుడున్నది చెప్పనివ్వండి. వాళ్ళ దరఖాస్తు చూసేది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ. కాదంటే అప్పీలు కూడా ఆ సంస్థలోనే, వేరే అధికారి దగ్గర. అక్కడా కాదంటే ఆ నిర్ణయం మీద మన కోర్టులో అప్పీలు లేదు. ఇక మిగిలేది రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్, అదీ మన ప్రభుత్వం పంపించేయబోతే. ప్రాణానికి రక్షణ ఇచ్చే 21వ అధికరణ పౌరులు కానివాళ్ళకూ వర్తిస్తుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో రోహింగ్యాల కేసులో అదే కోర్టు, పద్ధతి ప్రకారం అయితే పంపించొచ్చంది.

మా క్లాసులో ఒక పాప వాళ్ళమ్మ తన శరణార్థి కార్డును పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో, బియ్యం లోపల దాచిపెడుతుంది. గుడిసెలో నీళ్ళు వస్తే తడవకుండా ఉండేది ఆ డబ్బా ఒక్కటేనట. ఇంటర్వ్యూలో ఏం రాసుకున్నారని అడిగితే ఆమెకు తెలియదు. తను చెప్పింది ఇంగ్లీషులో ఉంది.

శామీర్‌పేట్:
గడువు గురించి కూడా మాట్లాడాలి. బ్రిటన్‌లో దేశంలోపల ఉన్నవాళ్ళు అనుమతి అడగడానికి 14 రోజులే. ఆ భాష చదవలేని మనిషికి అందులో సగం, ఆర్డర్‌లో ఏముందో తెలుసుకోవడానికే పోతుంది.

తార్నాక:
‘లా పాయింట్ మీదే’ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అప్పీలు ఒక్కటే అన్నదాని మీద మాత్రం ఇంకా ఉన్నాను, దాన్ని సరిగ్గా వింటే. అది తేలేదాకా పంపించకూడదు, ఆ షరతు కూడా ఉండాలి. నయాపూల్ గారూ, మీరన్న రికార్డింగు ఎవరి దగ్గరుండాలి?

నయాపూల్:
ట్రిబ్యునల్ దగ్గర ఒకటి, శరణు కోరినామె చేతికి ఒకటి, విచారణ ముగిసిన రోజే. ఆర్డర్ కాపీ కూడా ఆమె భాషలో. రాత రాని మనిషైతే చదివి వినిపించి, ఆ వినిపించిందీ రికార్డు చేయాలి. 14 రోజుల లెక్క అక్కడినుంచి మొదలుపెట్టండి.