వెనక జారించి నడిపితే ల్యాప్ టైమ్‌కి లాభమా, నష్టమా?

మూడోగేరు:
అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌లో రెండు నెలలుగా మజ్దా ఎంఎక్స్-5 కారుతో కుస్తీ పడుతున్నాను. నాతో ఆడే ఒకాయన "ముందు డ్రిఫ్ట్ (వెనక చక్రాలని జారించి నడపడం) నేర్చుకో, ల్యాప్ టైములు వాటంతటవే దిగుతాయి" అంటాడు. ఇంకొకాయన "టైరు కూసిందంటే టైము పోయినట్టే" అంటాడు. ఇద్దరూ నాకంటే ఫాస్టే. ఎవరి మాట వినాలి?

నీటులైను:
రెండో ఆయన మాట వినండి. టైరుకి ఉన్న పట్టు ఒక్కటే. అది పక్కకి జారడానికి ఖర్చయితే ముందుకి తోయడానికి మిగలదు. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో మొదటి మలుపు లా సోర్స్ తీసుకోండి. అక్కడ బయటికి వచ్చేటప్పుడు వెనక చక్రాలు తిప్పి పొగ లేపితే రీప్లేలో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అక్కడ పోయిన వేగం ఓ రూజ్ అనే ఎత్తు ఎక్కి, కెమ్మెల్ స్ట్రెయిట్ అనే తిన్నని దారి చివరిదాకా తిరిగి రాదు. పైగా వెనక టైర్లు వేడెక్కుతాయి. ఒక్క ల్యాప్‌లో తెలియకపోవచ్చు. రేసు సగం దాటాక మాత్రం ప్రతి మలుపులో బండి తోక ఊపుతుంది.

ఎదురుస్టీరు:
లైను గారూ, మీరు రెండు రకాల జారుడుని ఒకే గాటన కట్టేస్తున్నారు. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్‌తో జారించడం నష్టమే, ఒప్పుకుంటాను. కానీ మలుపులోకి దిగేటప్పుడు? బ్రేక్ ఒక్కసారిగా వదలకుండా, స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా వదలండి. బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది, వెనక తేలికవుతుంది, బండి తనంతట తానే ఏపెక్స్ (మలుపు లోపలి అంచు) వైపు ముక్కు తిప్పుతుంది. ముందే తిరిగింది కాబట్టి స్టీరింగ్ త్వరగా నిటారు చేసి, త్వరగా యాక్సిలరేటర్ తొక్కొచ్చు.

ఇంకో సంగతి. అసలు జారకుండా ఏ టైరూ మలుపు తిరగదు. టైరు చూసే దిక్కుకీ, నిజంగా వెళ్లే దిక్కుకీ మధ్య ఉండే చిన్న కోణమే స్లిప్ యాంగిల్. ఆ కోణం కొన్ని డిగ్రీలకి చేరినప్పుడే పట్టు గరిష్ఠం. అక్కడిదాకా వెళ్లనివాడూ నెమ్మదే, దాటినవాడూ నెమ్మదే.

నీటులైను:
దాన్ని ఓవర్‌స్టీర్ (వెనక పట్టు తప్పి జారడం) అనకండి మరి. నేను బండి తిరగడం అంటాను. స్టీరింగ్ ఎదురు తిప్పాల్సి వచ్చిందంటే అప్పటికే శ్రుతి మించినట్టు.

ఎదురుస్టీరు:
పేరులో ఏముంది సార్. కొంచెం ఎదురు తిప్పితే పాపమేం కాదు. చాలాసార్లు స్టీరింగ్ తిప్పడం ఆపి, అర అంగుళం వెనక్కి తెస్తే చాలు. బయటినుంచి చూసేవాడికి అది జారుడని కూడా తెలియదు.

గులకరోడ్డు:
తారురోడ్డు జనం చర్చలోకి దూరుతున్నందుకు క్షమించాలి. రిచర్డ్ బర్న్స్ ర్యాలీ 2004 నాటి గేమ్, నేను ఇప్పటికీ దానిమీదే. మట్టి, గులకరాళ్ల మీద లెక్క తిరగబడుతుంది. పక్కకి జారే టైరు తన ముందు మట్టిని పోగేసుకుని దాన్నే ఆనుకుంటుంది. కాబట్టి పెద్ద కోణంలో జారించడమే ఫాస్ట్. మలుపుకి ముందు బండిని ఒక్క క్షణం అవతలి వైపుకి విసిరి, ఆ ఊపుతో ఇవతలికి తిప్పే స్కాండినేవియన్ ఫ్లిక్ ఊరికే పుట్టలేదు. "జారితే నష్టం" అనే ముందు దేనిమీద జారితే అని అడగాలి.

ప్యాడ్‌వీరుడు:
అన్నలూ, నాకు స్టీరింగ్ వీల్ లేదు. గ్రాన్ టురిస్మో 7 గేమ్‌ని ప్యాడ్‌తో (చేతిలో పట్టుకునే కంట్రోలర్) ఆడతాను. జారినప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పడంలో సాయపడే కౌంటర్ స్టీర్ అసిస్ట్ ఆపితే బండి గిరగిరా తిరుగుతుంది, పెడితే నేను నడుపుతున్నట్టే ఉండదు. నిజం బండిలో వెనక జారితే నడుముకి తెలుస్తుందట. ఇక్కడ కళ్లకి కనిపించేసరికే ఆలస్యం. మరి ఇది నేర్చుకోవడం సాధ్యమేనా?

ఎదురుస్టీరు:
సాధ్యమే తమ్ముడూ, కాకపోతే కళ్లూ చెవులే నడుము పని చేయాలి. టైరు శబ్దం సన్నగా మొదలైనప్పుడే స్పందించు, గట్టిగా అరిచేదాకా ఆగకు. ప్యాడ్ మీద స్టిక్‌ని మొత్తం అవతలికి కొట్టకు, మధ్యకి వదులు. సగం జారుళ్లు దానితోనే సర్దుకుంటాయి.

వీల్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. వెనక జారగానే ముందు చక్రాలు తమంతట తామే బండి వెళ్తున్న దిక్కుకి తిరగాలని చూస్తాయి. ఆ లాగుడు మీ చేతికి తెలుస్తుంది. గట్టిగా పట్టుకుని దాంతో పోట్లాడకండి, వీల్‌ని వేళ్ల మధ్య జారనివ్వండి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (వీల్‌లోని మోటార్ చేతికిచ్చే లాగుడు) మరీ ఎక్కువ పెడితే మోటార్ తన గరిష్ఠ బలం దగ్గరే ఆగిపోతుంది, ఈ చిన్న తేడాలన్నీ కొట్టుకుపోతాయి.

చాలామంది స్పిన్ అయ్యేది మొదటి జారుడులో కాదు, రెండోదాంట్లో. వెనక పట్టు తిరిగొచ్చాక కూడా స్టీరింగ్ ఎదురు దిక్కులోనే ఉంటే బండి అవతలికి విసిరేస్తుంది. పట్టుకోవడం ఎంత వేగంగానో, వదలడం అంతకంటే వేగంగా జరగాలి. భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినా అంతే సంగతులు. బరువంతా ముక్కుమీద పడి, తోక ఇంకా తేలిపోతుంది.

నీటులైను:
ఈ పోస్టులో ప్రతి ముక్కా ఒప్పుకుంటున్నాను. ఇది ప్రాణాలు కాపాడుకునే విద్య, టైము తగ్గించే విద్య కాదు. నా వాదన మొదటినుంచీ అదే.

మూడోగేరు:
వారం తర్వాత వచ్చాను. ఖాళీ ట్రాక్‌లో ఒకే మలుపు, రెండో గేరు, కావాలని జారించి పట్టుకోవడం. రోజుకి అరగంట. మొదటి రోజు పదిసార్లకి ఎనిమిదిసార్లు గడ్డిలోనే. ఇప్పుడు రెండు మూడుసార్లకి దిగింది. బెస్ట్ ల్యాప్ మాత్రం సెకనులో పదో వంతు కూడా తగ్గలేదు. కానీ నిన్న రేసులో మొదటి ల్యాప్, టైర్లు ఇంకా చల్లగా ఉన్నాయి, వెనక జారింది. నేను ఆలోచించేలోపే చేతులు తిప్పేశాయి. నా వెనకున్న ఇద్దరూ అదే మలుపులో స్పిన్ అయ్యారు.

నీటులైను:
రేసులో ఎన్నో స్థానం?

మూడోగేరు:
నాలుగు. ఇంతకుముందు బెస్ట్ తొమ్మిది.

నీటులైను:
సెటప్ ఏమైనా మార్చారా? బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకం) వెనక్కి జరిపారా?

మూడోగేరు:
లేదు సార్, అదే బండి.