గుండెల్లో మంటకి కారం మానాలా, పదింటి భోజనం మానాలా?

గుంటూరుకోడలు:
మా మామయ్యగారికి 67 ఏళ్ళు. ఆరు నెలలుగా రాత్రిళ్ళు గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు. గుండె పరీక్షలన్నీ బాగున్నాయి. ఎసిడిటీ అని డాక్టరు మాత్రలు రాసి, "కారం, పులుపు మానేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఇంట్లో ఆ రెండూ తీసేస్తే మిగిలేది అన్నం, మంచినీళ్ళు. మూడు వారాలుగా సొరకాయ, బీరకాయ, పొట్లకాయ తిప్పి తిప్పి వండుతున్నాను. పడుకునేముందు గ్లాసు పాలు ఇస్తున్నాను. అయినా వారంలో నాలుగు రాత్రులు లేచి కూర్చుంటున్నారు. గోంగూర లేదని అత్తయ్య కోపమంతా నా మీద. అసలు దోషి కారమేనా?

కంచంముందు:
రాత్రి భోజనం ఎన్నింటికమ్మా? తిన్నాక ఎంతసేపటికి పడుకుంటారు?

గుంటూరుకోడలు:
మావారు షాపు కట్టేసి వచ్చేసరికి పది. కొడుకుతో కలిసే తింటానంటారు. పదిన్నర, పదిముప్పావుకి పడక.

కంచంముందు:
అయితే గోంగూరని అన్యాయంగా జైల్లో పెట్టారు. అన్నవాహిక కడుపులో కలిసేచోట ఒక కండరం, ముడేసిన సంచి మూతిలా బిగుసుకుని ఉంటుంది. అది వదులైతే ఆమ్లం పైకి తన్నుతుంది. కడుపునిండా తిని వెంటనే నడుం వాల్చడమంటే నిండు బిందెని పక్కకి ఒరగేసినట్టే. భోజనానికీ పడకకీ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. ఇంకో మాట, ఆ సొరకాయ కూరలో నూనె ఎంత? కొవ్వు ఎక్కువైతే కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. కారం లేని పూరీ కంటే కాస్త కారమున్న పప్పే నయమంటాను నేను.

మిరపతోవైరం:
అంత తేలిక కాదండీ. నేను ఏడున్నరకే తింటాను, నూనె చెంచాతో కొలుస్తాను. అయినా పచ్చిమిరపకాయ పచ్చడి వేసుకున్న రోజు నరకమే. ఆమ్లం తగిలి తగిలి ఒరుసుకుపోయిన చోట మిరపలోని క్యాప్సెయిసిన్ పడితే పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది, ఇది సామెత కాదు. మానేశాను, హాయిగా ఉన్నాను.

అమీర్‌పేట్ బ్యాచిలర్:
అక్కా, కారంతో అల్సర్ వస్తుందన్నది పాత మాట. 1982లోనే ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అసలు దొంగ హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియాని పట్టుకున్నారు. 2005లో నోబెల్ కూడా ఇచ్చారు. మిరపకాయ నిర్దోషి!

మిరపతోవైరం:
తమ్ముడూ, అది అల్సర్ కేసు. ఇక్కడ నడుస్తున్నది రిఫ్లక్స్, అంటే ఆమ్లం పైకి తన్నే కేసు. ఒక కేసు కొట్టేస్తే రెండోదాంట్లోనూ వదిలేస్తారా?

మందులషాపు:
నేను డాక్టర్ని కాదు, ఇరవై ఏళ్ళుగా కౌంటర్లో నిలబడ్డవాణ్ణి. పాల సంగతి ఎవరూ ఎత్తలేదేం? తాగగానే చల్లగానే ఉంటుంది. తర్వాత అందులోని ప్రొటీను, కాల్షియం వల్ల కడుపులో మళ్ళీ ఆమ్లం ఊరుతుంది. అర్ధరాత్రి మంటలో దానికీ వాటా ఉండొచ్చు. చలవ అని పుదీనా నీళ్ళు తాగేవాళ్ళు రోజూ కనబడతారు, పుదీనా ఆ కండరాన్నే వదులు చేస్తుంది. కాఫీ, చాక్లెట్, మద్యం కూడా కొందరికి పడవు. మాత్ర ప్యాంటాప్రజోల్ లాంటి, ఆమ్లం ఊరడాన్ని తగ్గించేదైతే పరగడుపున, టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక మింగి, పనిచెయ్యట్లేదని నా మీద అరిచేవాళ్ళు ఎంతమందో. బీపీ ఉంటే సోడా ఉప్పు పొడులు రోజూ వద్దు, నిండా సోడియమే.

ఈ వయసులో కొత్తగా మొదలైంది కాబట్టి ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి కడుపు చూసే పరీక్ష) కావాలేమో డాక్టర్ని అడగండి. ముద్ద దిగకపోవడం, బరువు తగ్గిపోవడం, నల్లటి విరేచనం ఉంటే మాత్రం ఇక్కడ మా మాటలు వింటూ కూర్చోకండి.

చల్లకవ్వం:
మరి మజ్జిగో? మా నాయనమ్మ అన్నిటికీ మజ్జిగన్నమే పెట్టేది.

మందులషాపు:
వెన్న తీసింది, పులవనిది అయితే చాలామందికి పడుతుంది బాబాయ్. పడనివాళ్ళూ ఉన్నారు. ఏం తిన్నరోజు మంట వచ్చిందో రాసి చూసుకోవాల్సిందే. తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు లేపమనండి. తలగడలు పేరిస్తే మెడ వంగి పొట్ట నొక్కుకుంటుంది, లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది.

గుంటూరుకోడలు (18 రోజుల తర్వాత):
ఏడున్నరకే పెట్టేస్తున్నాం. కొడుకుతో తినలేదని మొదటివారం అలిగారు. ఇప్పుడు పదింటికి ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నారు. పాలు ఆపాను, ఇటుకలు పెట్టాను. నోటుబుక్కులో రాస్తున్నా, 18 రాత్రుల్లో మూడుసార్లే లేచారు. మధ్యాహ్నం గోంగూర పప్పు నాలుగుసార్లు తిన్నారు, ఏమీ కాలేదు. లేచిన రాత్రుల్లో ఒకటి పెళ్ళి భోజనం, ఒకటి సాయంత్రం మిరపకాయ బజ్జీలు, మూడోదానికి కారణం తెలీలేదు. ఎండోస్కోపీ వచ్చే సోమవారం.

మిరపతోవైరం:
మిరపకాయ బజ్జీ అన్నారు, చూశారా!

కంచంముందు:
బజ్జీ అన్నారు. నూనె అండీ, నూనె.

మిరపతోవైరం:
అయితే ఈసారి అరటికాయ బజ్జీ పెట్టి చూడమనండి.