బెస్సీ కోల్మన్ విమాన విన్యాసాలనే బతుకుదెరువుగా ఎందుకు చేసుకున్నారు?

నల్లగొండ టీచరమ్మ:
మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు అమెరికా నల్లజాతి మహిళా పైలట్ బెస్సీ కోల్మన్ గురించి చెప్పబోతున్నాను. 1921 జూన్ 15న ఫ్రాన్సులో అంతర్జాతీయ పైలట్ లైసెన్సు పొందిన ఆమె, అమెరికాకు తిరిగివచ్చాక ఊరూరా తిరుగుతూ గాలిలో పల్టీలు కొట్టే ప్రదర్శనలు ఎందుకు ఇచ్చారు? మన జాతరల్లో కొయ్య బావి గోడల మీద మోటారు సైకిలు నడిపేవారిలా ప్రాణాలకు తెగించవలసిన అవసరం ఏమొచ్చిందని పిల్లలు తప్పక అడుగుతారు.

పాలమూరు పాఠకుడు:
అమ్మా, ఆమెకు వేరే దారి లేదు. ప్రయాణికుల విమానాలు నడిపే ఉద్యోగాలే అప్పటికి బహు స్వల్పం, అవి ఒక నల్లజాతి స్త్రీకి దక్కే మాట అసలే లేదు. అమెరికాలో ఏ శిక్షణ పాఠశాలా చేర్చుకోనందువల్లనే, షికాగోలోని క్షౌరశాలలో గోళ్లు తీర్చే పని చేసిన ఆమె ఫ్రెంచి నేర్చుకొని సముద్రం దాటారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత సైన్యం వద్ద మిగిలిన కర్టిస్ జెన్నీ విమానాలు చౌకగా అమ్ముడుపోవడంతో, వాటిని కొన్న పైలట్లు పొలాల్లో దిగి, విన్యాసాలు చూపి, డబ్బులిచ్చినవారిని ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పి బతికేవారు. దానికి రన్‌వే కూడా అక్కరలేదు, మన దగ్గరి చదునైన చెలక లాంటి నేల చాలు.

దేవరకొండ వాసి:
బతుకుదెరువు ఒక్కటే కాదండీ, నల్లజాతివారికి విమాన పాఠశాల పెట్టాలన్నది ఆమె పట్టుదల. 1922 సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర తొలి ప్రదర్శన ఇచ్చారు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇంజను ఆగి విమానం కూలి, కాలు విరిగింది. అయినా మళ్లీ ఎగిరారు. ప్రదర్శన చూడవచ్చే నల్లవారిని వేరే గేటు గుండా పంపుతామంటే ఆమె ఒప్పుకునేవారు కారు. నా దృష్టిలో పల్టీల కంటే పిల్లలకు ముందు చెప్పవలసింది ఇదే.

నల్లగొండ టీచరమ్మ:
ఆమె విన్యాసం చేస్తూనే మరణించారా?

పాలమూరు పాఠకుడు:
కాదమ్మా. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో, మరునాటి ప్రదర్శనకు చోటు చూసుకోవడానికి ఎగిరినప్పుడు విమానం నడిపింది ఆమె మెకానిక్ విలియం విల్స్. కిందికి వంగి చూడాలని ఆమె బెల్టు పెట్టుకోలేదు. వదులుగా పడివున్న ఒక పానా యంత్రభాగాల్లో ఇరుక్కొని విమానం అదుపు తప్పింది. ఆమె గాలిలోనే జారిపడ్డారు, విల్స్ విమానంతోపాటే కూలిపోయారు. పైలట్లకు లైసెన్సు, విమానాలకు తనిఖీ తప్పనిసరి చేయడానికి పునాది వేసిన అమెరికా చట్టంపై సంతకం పడింది ఆ తరువాత 20 రోజులకు.